మూడు నీలాల శాలువా

మా అమ్మ అల్లిన శాలువా ఒకటి నా దగ్గర ఉంది. ఉన్నిది కాదు, నూలుది. క్రోషా సూదితో లేసులా అల్లింది. దూరం నుంచి చూస్తే ఒకటే నీలం. దగ్గరికి తీసుకుంటే మూడు నీలాలు. ఒక కొన ముదురు, నడుమ వెలిసినట్టుండే పట్టీ, రెండో కొన మళ్ళీ ముదురే గానీ మొదటి ముదురు కాదు. హైదరాబాదులో ఎమ్మేలో చేరినప్పుడు చలికాలానికని ట్రంకుపెట్టెలో పెట్టి పంపింది. హాస్టల్లో నా గది స్నేహితురాలు దాన్ని చేతుల్లోకి తీసుకుని, "ఎంత బాగుంది, ఈ షేడింగ్ కావాలని చేసిందేనా, ఎక్కడ కొన్నావు?" అని అడిగింది. శిల్పారామంలో కొన్నానని చెప్పాను.

ఆ అబద్ధం ఎందుకాడానో అప్పుడు ఆలోచించలేదు. గోనెగండ్ల నుంచి వచ్చిన పిల్లని. మాట్లాడితే యాస బయటపడుతుందని సెమినార్లలో నోరు విప్పేదాన్ని కాదు. శాలువా విషయంలో సిగ్గు మాత్రం యాసది కాదు. అది ఇంట్లో చేసింది. ఇంట్లో చేసిన దానికి పేరుండదు, వెల ఉండదు. కొన్నానంటే దానికి రెండూ వచ్చేస్తాయి.

తర్వాత పీహెచ్‌డీ చేశాను. రాయలసీమ సాహిత్యంలో వృత్తి జీవితాల మీద. అందులో చేనేత మీద ఒక అధ్యాయం ఉంది, 62 పేజీలు. మగ్గం గుంట గురించి, నాడె చప్పుడు గురించి, సావుకారు అప్పుల గురించి, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం గురించి, అది వచ్చాక నేతపనివాళ్ళ బతుకులో ఏం మారింది, ఏం మారలేదు అన్నదాని గురించి చాలా రాశాను. మొన్న ఏదో పని మీద ఆ అధ్యాయం మళ్ళీ తిరగేశాను. నూలుకు రంగు అద్దడం గురించి అందులో ఒక్క వాక్యం ఉంది. "రంగులద్దడం, కండెలు చుట్టడం వంటి పనుల్లో ఇంటి స్త్రీలు సాయపడతారు." అంతే. సాయపడతారు! ఆ పనిలోనే చేతులు పొట్టు లేచిపోయిన మనిషి కూతుర్ని, ఈ మాట రాసింది నేను. పరీక్షకులెవరూ దాన్ని తప్పు పట్టలేదు.

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం గురించి.

మన భాషలో 'నేతన్న' అన్న మాట ఉంది. పాటల్లో, పత్రికల శీర్షికల్లో, ప్రభుత్వ పథకాల పేర్లలో స్థిరపడిపోయిన మాట. అన్న ఉన్నాడు గానీ పక్కన అక్క లేదు. 2019లో మొదలై కొన్నేళ్ళు నడిచిన 'నేతన్న నేస్తం' పథకం సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలిచ్చింది. ఇవ్వడం మంచిదే. అక్కడ నేతకు గుర్తు మగ్గం. మగ్గం మీదికి ఎక్కకముందు నూలుకు జరిగేదంతా ఆ గుర్తుకు ఇవతలే ఉండిపోతుంది. న్యాయానికి ఒక మాట చెప్పాలి. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత పనివారు లెక్కకొచ్చారు, వాళ్ళలో 72 శాతం ఆడవాళ్ళే. ఈ శాతంలో అస్సాం, ఈశాన్య రాష్ట్రాల మగ్గాల వాటా పెద్దది, అక్కడ నేసేదే ఆడవాళ్ళు. అదలా ఉంచితే, రంగు వేసేవాళ్ళకీ కండెలు చుట్టేవాళ్ళకీ ఆ గణన 'అనుబంధ పనివారు' అని ఒక గడి కేటాయించింది. ప్రభుత్వ గుమాస్తా ఇచ్చిన ఆ గడి కూడా సాహిత్య విద్యార్థినినైన నేను ఇవ్వలేదు.

సరే, ఆ పని ఏమిటో చెబుతాను.

మిల్లు నూలు చిలపలుగా వస్తుంది. ఒక చిలప 840 గజాలు. నలభై కౌంటు నూలంటే ఒక పౌనుకు నలభై చిలపలన్న మాట. పచ్చి నూలుకు రంగు పట్టదు, దాని మీద మైనంలాంటి జిడ్డుంటుంది. సోడా వేసి ఉడకబెట్టాలి, జాడించాలి, మళ్ళీ జాడించాలి. మాది వానలు తక్కువ సీమ. పక్కన గాజులదిన్నె ప్రాజెక్టు ఉన్నంత మాత్రాన మా పెరట్లోకి నీళ్ళు నడిచి రావు. రంగు పని అంటే సగం నీళ్ళు మోసే పని. ఎండాకాలం బిందెల లెక్క చూసుకునే అమ్మ రంగు ఒప్పుకునేదో, మానేదో.

ఎరుపుకి నాఫ్తాల్. అది రెండు తొట్ల రంగు. మొదటి తొట్టిలో కాస్టిక్ సోడాతో కరిగించిన నాఫ్తాల్‌లో ముంచితే నూలు మీద ఎరుపు జాడే ఉండదు. రెండో తొట్టిలో పెట్టగానే ఒక్కసారిగా ఎక్కుతుంది. నీలానికి ఇండిగో. ఇదే మా అమ్మకి ఇష్టమైంది, భయపడేదీ. ఇండిగో నీళ్ళలో కరగదు. కాస్టిక్, హైడ్రో వేసి దాని నీలాన్ని పోగొట్టాలి. అప్పుడు బానలో నీళ్ళు పచ్చపచ్చగా, పసుపు కలిసిన ఆకురంగులోకి తిరుగుతాయి. ఆ నీళ్ళలో చిలపను ముంచి, పైకి తేలకుండా కర్రతో తిప్పి, పిండి బయటికి తీస్తే అదీ ఆకుపచ్చగానే ఉంటుంది. గాలి తగిలాక చూస్తూ చూస్తుండగానే నీలమవుతుంది. చిన్నప్పుడు ఆ మార్పు చూడటానికే నేను బడి ఎగ్గొట్టేదాన్ని. ఒక ముంపుకి లేత నీలం. ఆరబెట్టి మళ్ళీ ముంచితే ఇంకొంచెం. ముదురు నీలం కావాలంటే ఐదో ఆరో ముంపులు. ఈ లోపల బానలోకి గాలి పోకూడదు. ఊరికే వదిలేస్తే హైడ్రో బలం అయిపోయి బాన పైనంతా నీలం తెట్టు కడుతుంది. మా అమ్మ మాటల్లో 'బాన సచ్చిపోతాది'. చచ్చిన బానలో ముంచిన నూలుకు రంగు పైపైనే అంటుకుని, ఉతికితే పోతుంది.

చేతులకు తొడుగులుండేవి కావు. కాస్టిక్‌కి వేళ్ళ సందులు ఎర్రగా అయ్యి చర్మం పొరలుగా లేచేది. ఆ చేతుల్తోనే కారం కలిపిన సంగటి. 1994లో జర్మనీ కొన్ని అజో రంగుల్ని నిషేధించింది, కేన్సరు కలిగించే పదార్థాలు వాటి నుంచి విడుదలవుతాయని. ఆ దశాబ్దంలోనే మన ప్రభుత్వమూ నిషేధించింది. మంచి పని. ఆ చర్చ ఎక్కువగా నడిచింది బట్ట కట్టుకునేవాళ్ళ చర్మం చుట్టూ. అద్దేవాళ్ళ చర్మం ప్రస్తావన నాకు తక్కువగా కనబడింది.

ఇక అల్లిక. మా వీధిలో అద్దెకుండిన ఒక టీచరమ్మ గోదావరి వైపు మనిషి. ఆవిడ దగ్గర అమ్మ క్రోషా నేర్చుకుంది. మగ్గానికి పోగా మిగిలిన ఇరవై కౌంటు నూలు నాలుగు పోగులు కలిపి, రాట్నం మీద పురి పెట్టి, రంగు అద్ది, దాంతో రేడియో మీద కప్పే గుడ్డ, టీవీ కవరు, చివరికి ఈ శాలువా అల్లింది. హాస్టల్లో నేను రెండు సూదుల అల్లిక నేర్చుకోబోయి వదిలేశాను. అప్పుడే ఈ రెంటికీ తేడా తెలిసింది. రెండు సూదుల పనిలో వరసలో ఉన్న ఉచ్చులన్నీ సూది మీద బతికే ఉంటాయి. సూది జారితే వరసంతా ఊడిపోతుంది. క్రోషాలో ఎప్పుడు చూసినా బతికున్న ఉచ్చు ఒక్కటే. పాలు పొంగితే, బిడ్డ ఏడిస్తే, ఆ ఒక్క ఉచ్చు కాస్త వదులు చేసి పక్కన పెట్టి లేచిపోవచ్చు. గంట తర్వాత వచ్చి అక్కడే మొదలుపెట్టొచ్చు.

లేసు అల్లికను 'తీరిక పని' అని పిలవగలగడానికి ఒక కారణం ఈ ఒక్క ఉచ్చులో ఉందని నేననుకుంటాను. మరియా మీస్ నర్సాపురం లేసు మీద 1982లో అచ్చయిన తన పుస్తకంలో చూపించిందీ ఇంచుమించు ఇదే. 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. ఉపశీర్షికలోనే గృహిణుల్నీ ప్రపంచ మార్కెట్నీ పక్కపక్కన నిలబెట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన అల్లిక, తర్వాత వర్తకుల చేతికి వెళ్ళింది. వర్తకుడు దారం ఇస్తాడు, ముక్కలు తీసుకుపోతాడు. ఒకామెది చేతిపని, అంటే పువ్వులు అల్లడం మాత్రమే. ఇంకొకామెది అతుకుపని. పువ్వు అల్లినామెకి దుప్పటి ఎలా ఉంటుందో తెలియదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లి రూపాయి కూడా సంపాదించని ఆ లక్ష మందికి పైగా ఆడవాళ్ళు, జనాభా లెక్కల్లో పనివాళ్ళుగా దాదాపు కనపడరు. ఎందుకంటే వాళ్ళు ఇంట్లో కూచుని తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు. ఆ మాట వర్తకుడికి లాభం. పరువు నిలబడుతుంది కనక ఇంటి మగవాళ్ళకీ ఇష్టం. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీస్ 2023లోనే చనిపోయింది. ఉండి ఉంటే ఆ గుర్తింపు ఎవరి చేతికి ఎంత చేర్చిందని తప్పకుండా అడిగేది.

ఆ పుస్తకం నాకు కళ్ళు తెరిపించింది. ఒక అసంతృప్తి కూడా మిగిల్చింది. అందులో అల్లే చేతులున్నాయి, కూలి ఉంది, గంటలున్నాయి. అల్లికలోని తెలివి మీద దాని దృష్టి తక్కువ. ఏ పువ్వుకి ఎన్ని ఉచ్చులని ఆ ఆడవాళ్ళు తలలో ఎలా దాచుకుంటారు? కొత్త నమూనా ఎలా పుడుతుంది? అర్థశాస్త్రం అడగదు సరే, సాహిత్యం వాళ్ళం మనమైనా అడగాలి కదా.

ఇలాంటి గొంతులు ఎక్కడైనా నమోదయ్యాయా అని వెతికితే స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో దొరికాయి. ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నటి ఉన్ని లేసు శాలువాలకు ఆ దీవులు పేరుపడ్డాయి. అల్లినామెకి డబ్బు ఇచ్చేవారు కాదు. వర్తకుడు శాలువా తీసుకుని టీ పొడో, బట్టో ఇచ్చేవాడు. ఈ పద్ధతి మీద 1872లో బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక విచారణ నివేదిక వెళ్ళింది. అందులో అల్లే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఉన్ని ఎక్కడిది, ఎన్నాళ్ళు పట్టింది, బదులుగా ఏం ఇచ్చారు, డబ్బు అడిగితే ఏమన్నారు. ప్రభుత్వ నివేదికని సాహిత్యంగా చదవమని నేను అనను. కానీ అల్లిక గురించి ఆ ప్రశ్నలు వేసిన నవల నేను ఇంతవరకు చదవలేదు.

నవలల్లో అల్లిక మరోలా ఉంటుంది. వర్జీనియా వుల్ఫ్ 'టు ది లైట్‌హౌస్' (1927)లో మిసెస్ రామ్సే దీపస్తంభం కాపలాదారు కొడుక్కి ఎర్రటి గోధుమరంగు మేజోడు అల్లుతూ ఉంటుంది. తన పిల్లవాడి కాలికి పెట్టి కొలుస్తుంది. పొట్టిగా ఉంటుంది. ఆ కొలిచే రెండు నిమిషాల్లో ఆమె మనసులో ఎన్ని ఆలోచనలు తిరిగాయో వుల్ఫ్ చూపించింది. అల్లిక చేతుల పని, మనసుకు సెలవు. ఎరిక్ ఆవర్‌బాక్ తన 'మైమీసిస్' (1946) చివరి అధ్యాయానికి ఆ మేజోడు పేరే పెట్టాడు. పాశ్చాత్య సాహిత్యం వాస్తవాన్ని ఎలా చూపిందన్న అంత పెద్ద పుస్తకం ఒక మేజోడు దగ్గరికొచ్చి ఆగింది. గొప్ప అధ్యాయం, తరగతిలో పాఠం కూడా చెప్పాను. ఆ ఉన్నికి ఎర్రటి గోధుమరంగు ఎవరు వేశారని మాత్రం ఆయన అడగడు. నేనూ అడగలేదు, పిల్లలూ అడగలేదు.

మన దగ్గరికొస్తే, పాత తెలుగు సినిమాల్లో నాయిక చిన్న స్వెటరు అల్లుతూ కనిపించిందంటే నెల తప్పిందని అర్థం. భర్త వచ్చి చూస్తాడు, సిగ్గు, పాట. మే నెలలో కర్నూలులో పుట్టే బిడ్డకి ఉన్ని స్వెటరు దేనికో ఏ దర్శకుడూ ఆలోచించినట్టు లేదు. ఇక కవిత్వాన్నే అల్లిక అన్నాం. పెద్దన గొప్పతనాన్ని అల్లికతోనే మెచ్చుకున్నాం. కథ అల్లుతాం, మాటలు అల్లుతాం. స్త్రీవాదులమైన మనం కూడా అల్లికని, బొంతని, ముగ్గుని మన సృజనకి గుర్తులుగా తెచ్చుకున్నాం. ఆలిస్ వాకర్ తల్లుల తోటల్ని, బొంతల్ని కళగా చూడటం నేర్పాక అది సహజమే. రోసికా పార్కర్ 1984లో 'ది సబ్‌వర్సివ్ స్టిచ్' రాసి, కుట్టుపని ఆడవాళ్ళని అణకువకు అలవాటు చేసిందనీ, అదే సూదితో వాళ్ళు ఎదురు తిరిగారనీ రెండూ చూపించింది. ఇవన్నీ అవసరమైన పుస్తకాలే. నాకు తట్టిన తేడా ఒకటుంది. ఈ గుర్తులన్నీ మధ్యలో వదిలి లేవగలిగిన పనుల నుంచే వచ్చాయి. సూది, అల్లిక, కుట్టు. ఆడదాని సమయం ముక్కలైన సమయం కనక ఆమె రచనా రూపాలూ పొట్టిగా ఉండొచ్చని వుల్ఫే 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' (1929)లో ఊహించింది. ఆ మాటని మనం చాలా ప్రేమగా పట్టుకున్నాం.

మరి బాన? అది ఆగదు. ఆరు ముంపులు అయ్యేదాకా లేవడానికి లేదు. రంగు వేసే రోజు మా ఇంట్లో పొయ్యి ఆలస్యమయ్యేది, నాన్న అరిచేవాడు, మేం పక్కింట్లో తినేవాళ్ళం. అది తీరిక పని అని ఎవరన్నా అంటే నమ్మలేం. ఏకాగ్రత, కాలం లెక్క, రసాయనాల అంచనా, రంగు చూసి ఇక చాలు అనగలిగే కన్ను. మనం మేధావులకి ఇచ్చే మాటలన్నీ దానికి సరిపోతాయి. అలాంటి పని ఇంట్లో ఆడవాళ్ళు చేస్తారంటే తీరిక అనే మాట నిలబడదు. అందుకేనేమో అది 'సాయం' అయింది. నా థీసిస్‌లో ఆ మాట ఊరికే పడలేదు.

మా ఎల్లకి అవతల కన్నడంలో ఒకామె ఉంది. కదిరె రెమ్మవ్వె, పన్నెండో శతాబ్దపు శరణురాలు, నూలు వడికి బతికిన మనిషి. కదురే ఆమె ఇంటిపేరైంది. మిగిలినవి నాలుగైదు వచనాలు మించవు. వాటిలో ఒకదాంట్లో తను తిప్పే రాట్నం కులమేమిటో చెబుతానని మొదలుపెట్టి, దాని భాగాల్ని ఒక్కొక్కటే పేరు పెట్టి దేవుళ్ళని చేస్తుంది. భక్తి విమర్శకులు దాన్ని తత్వంగా చదివారు. అది తత్వమే. కానీ ఆ పోలిక చెయ్యాలంటే ముందు రాట్నం భాగాలన్నీ వేళ్ళకి తెలిసుండాలి. పనిముట్టు నుంచి దేవుడి దగ్గరికి పోయింది గానీ, దేవుడి కోసం పనిముట్టుని వదిలెయ్యలేదు. నా 62 పేజీల్లో రాట్నం అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టాను. నాలుగుసార్లు. దాన్ని తిప్పే మనిషి ఒక్కసారీ లేదు.

మా ఇంట్లో ఇప్పుడు మగ్గం లేదు. గుంట పూడ్చి, పైన బండలు పరిచి, బీరువా పెట్టారు. బాన పెరట్లో తులసి చెట్టుకు కుండీ అయింది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు శాలువా తీసుకెళ్ళి అమ్మ ముందు పరిచాను. నోటుబుక్కు కూడా తీసుకున్నాను. చూసి నవ్వింది.

"ఇది ఏంటికి మే రాసుకుంటావు, రంగు సరింగ కుదరలే దాంట్లో."

ఎందుకు కుదరలేదని అడిగాను. మొదటి ముదురు కొన వేలితో తడిమి, ఇది ఆరు ముంపులు అంది. నాన్న ఎమ్మిగనూరు సంతకి పోయిన రోజు, ఇంట్లో ఎవరూ లేరు, నెమ్మదిగా వేసుకున్నానంది. నడుమ వెలిసిన పట్టీ దగ్గర ఆగింది.

"తమ్మునికి జరం వచ్చింది సూడు, అప్పటిది. మూడు ముంపులైనాయి. వాడు ఒకటే ఏడుపు. ఎత్తుకోని ఆసుపత్రికి పోయొచ్చేసరికి బాన సచ్చిపోయింది."

అంటే హాస్టల్లో నా స్నేహితురాలు మెచ్చుకున్న షేడింగ్ అదే. మరి మూడో నీలం? ఆరు ముంపులే గానీ మొదటి దానికి కలవదేమని అడిగాను. నీళ్ళు మారినాయంది. ఆ ఏడు బావి ఎండిపోయి ట్యాంకరు నీళ్ళు పోశారట. రాసుకుంటుంటే మధ్యలో నా పెన్ను ఆపి, కాస్టిక్ ఎంత, హైడ్రో ఎంత అని తనే వరసగా చెప్పడం మొదలుపెట్టింది. చారెడు, చిటికెడు, 'నాలిక్కి తగలకుండ వాసన సూస్తే తెలుస్తాది' అన్న కొలతలతో. గ్రాముల్లో చెప్పమన్నాను. చెప్పలేదు.

"రాసుకుంటే రాదు. ఎండలు ముదరకముందే రా. ఒక చిలప వేద్దాం."

హైడ్రో ఆదోనిలో దొరుకుతుందట. నన్నే తెమ్మంది.